ఫినాల్‌కీ ఫినాయిల్‌కీ మధ్య నా కుడి తొడ

నా కుడి తొడ మీద అరచెయ్యంత మచ్చ ఒకటి ఉంది. అంచుల్లో గోధుమరంగు, మధ్యలో తెలుపు. తార్నాకలో పొద్దున్నే నడకకి వచ్చే మా ముసలి బృందానికి ఆ మచ్చ చరిత్ర కంఠతా వచ్చు. తెలంగాణ ఉద్యమంలో పోలీసులు క్యాంపస్ మీదికి పేల్చిన బాష్పవాయువు గోళం సూటిగా వచ్చి నా తొడకు తగిలిందనీ, నేను దాన్ని వట్టి చేత్తో పట్టుకుని తిరిగి వాళ్ల మీదికే విసిరాననీ వాళ్లకు చెప్పాను. మొదట్లో గోళం ఒకటే. కిందటి చలికాలానికి మూడయ్యాయి. మచ్చ మాత్రం ఒకటే ఉండిపోయింది, ఏం చేస్తాం.

కోస్తాలో చుట్టాల పెళ్లికి వెళ్తే కథ వేరే. అక్కడ "హైదరాబాదులో మనవాళ్ల మీద యాసిడ్ పోశారటగా" అని ఎవరో ఒకరు నాకంటే ముందే అందిస్తారు. నేను అవుననను, కాదనను. నిట్టూర్చి, "పోనీలెండి, క్షమించేశాను" అంటాను. మా వూరి పాస్టరుగారు నా క్షమాగుణం మీద ఒక ఆదివారం ప్రసంగమే చేశారు. ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను కూడా.

రెండూ అబద్ధాలే. ఆ మచ్చ పెట్టింది పోలీసులు కాదు, ఉద్యమకారులు కాదు. ఫినాల్. సీసా పట్టుకున్న చెయ్యి నాదే.

ముప్పై ఏళ్లు ఆ క్యాంపస్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పాను. ఫినాల్ నా అభిమాన విలన్. ప్లైవుడ్ అంటించే బంకలకీ, ప్లాస్టిక్కులకీ, మందుల కంపెనీలకీ ట్యాంకర్లతో పోయే సరుకు అది. యాసిడ్ మీద పడితే మనిషి కేక వేస్తాడు, పరుగెత్తుతాడు, బతికిపోతాడు. ఫినాల్ అలా మర్యాదగా నొప్పి పెట్టదు. ముందు చర్మాన్ని మొద్దుబారుస్తుంది, తర్వాత తెల్లగా పాలిపోయేలా చేస్తుంది. మనం ఏమీ కాలేదనుకుంటూ ఉండగా చర్మంలోంచి రక్తంలోకి దిగి, గుండెనీ కిడ్నీలనీ పలకరించడానికి బయల్దేరుతుంది. ఏటేటా కొత్త పిల్లల ముందు బల్ల గుద్ది చెప్పేవాణ్ని: "నొప్పి లేదంటే సంతోషించకండి, భయపడండి!" ఈ ఒక్క వాక్యానికే పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. సరే, లేచేవారు కాదు. చప్పట్లు కూడా గంట మోగినందుకు.

ఉద్యమం బాగా ఊపు మీదున్న రోజులు. ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. క్లాసులు లేవు, అటెండర్లు లేరు, ఊడ్చేవాళ్లు లేరు. మా డిపార్ట్‌మెంట్ మరుగుదొడ్డి సంగతి రాయను. దాని దారిన పోవాలంటే బాష్పవాయువుకు కట్టుకునే తడిగుడ్డే ముక్కుకి కట్టుకునేవాళ్లం అన్నాను, చాలు.

అప్పటి మా హెడ్డు అడిక్‌మెట్ మనిషి, పక్కా తెలంగాణవాది. నాకు పాత స్నేహితుడు. ఆ ఏళ్లలో మాత్రం రోజూ పొద్దున టీ దగ్గర శత్రువు, మధ్యాహ్నం టీ దగ్గర మళ్లీ స్నేహితుడు. ఆయనది ఫిజికల్ కెమిస్ట్రీ. అంటే బోర్డు నిండా లెక్కలు. ఆయన జన్మలో ఒలకబోసిన ద్రవం టీ ఒక్కటే. అలాంటి మహానుభావుడు ఆ ఉదయం ప్యాంటు పైకి మడిచి, బకెట్టూ చీపురూ పట్టుకుని, "సమ్మె మనది, గలీజు గూడ మనదే" అని ప్రకటించాడు. ఫినాయిల్ కోసం స్టోరు తాళం తీసి, గోధుమరంగు సీసా ఒకటి పట్టుకొచ్చాడు. మూత తీసి వాసన చూశాడు. ఆస్పత్రి వాసన. సరిగ్గా అదే. ఇంకేం కావాలి?

నేను వరండాలో కుర్చీ వేసుకుని, సమ్మెకు వ్యతిరేకిని కనక పని చెయ్యకుండా కూర్చున్నాను. ఆయన సమ్మెకు అనుకూలుడు కనక పని చేస్తున్నాడు. ఆ రోజుల్లో ఇదేమీ వింత కాదు.

ఫినాయిల్ నీళ్లలో పడితే పాలలా తెల్లబడాలి. ఇది ఇల్లు కడిగిన ప్రతివాళ్లకీ తెలుసు. ఆయన మూతెడు పోశాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఇంకో మూతెడు పోశాడు.

"ఏంది సారూ ఇది, ఎంత పోసినా తెల్లగ అయితలేదు?"

"కలపండి."

"కలిపిన. డూప్లికేట్ మాల్ ఉన్నది. మీ ఆంధ్ర కాంట్రాక్టర్లు గింతే. నీళ్లు గలిపి మాకు అమ్ముడు, పైసలు మూటగట్టి బెజవాడకు పంపుడు."

"బకెట్లో నీళ్లు తెల్లబడకపోయినా మేమే కారణమా అండీ?"

"నల్లబడ్డా మీరే."

ఆంధ్ర గౌరవం ప్రమాదంలో పడింది. ఆ కాంట్రాక్టరెవరో నాకు తెలీదు. ఆంధ్రావాడో కాదో కూడా తెలీదు. అయినా లేచాను. ఆయన చేతిలోంచి సీసా లాక్కుని, లేబుల్ వెలుగుకు పెట్టి చదివాను. గుండె ఆనందంతో గంతేసింది. భయంతో కాదండీ, ఆనందంతో. అంత పెద్ద తప్పు, అంత పెద్ద హెడ్డు, అదీ పొద్దున టీ వేళ!

"ఫినాల్! ఫి, నా, ల్! మధ్యలో 'యి' ఏదండీ? ఎక్కడుందో చూపించండి! ఇది మరుగుదొడ్డి కడిగే ఫినాయిల్ కాదు మహాప్రభో, నీళ్లు కలిపి ద్రవంగా ఉంచిన అసలు సిసలు ఫినాల్! మీ ఉద్యమం దొడ్డిదారిన అంతమయ్యేది ఇవాళ!"

ఒక్కో అక్షరానికీ ఒక్కోసారి సీసా ఊపాను. ఆయన మూత సరిగ్గా బిగించలేదు. లేబుల్ మొత్తం చదివిన నేను మూత సంగతి చూసుకోలేదు. తొడ మీద చల్లగా తగిలింది. బకెట్ నీళ్లు చిందాయనుకున్నాను. ఆయన బకెట్ పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడితే, నేను ఫినాల్ గురించి ప్రసంగం మొదలుపెట్టాను. పారిశ్రామిక ఉపయోగాలు, రవాణా, నిల్వ, విషప్రభావం. నా ప్రసంగాలు ఎప్పుడూ పొట్టివి కావు. ఆయన తల వంచుకుని వింటున్నాడు. జీవితంలో అంత మంచి శ్రోత నాకు మళ్లీ దొరకలేదు.

అంతలో నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి లోపలికి వచ్చింది. ఆ రోజు మా డిపార్ట్‌మెంట్ ముందు రోడ్డు మీద వంటావార్పు. రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి, గుండిగల్లో వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం అప్పటి పద్ధతి. అమ్మాయి తలకు గులాబీ కండువా చుట్టుకుని, చేతిలో గరిటెతో ఉంది.

"సార్లూ, వంటావార్పుకు రాండ్రి... సార్, మీ ప్యాంటేంది గట్ల తడిసింది?"

"బకెట్ నీళ్లమ్మాయ్."

"బకెట్ గాడున్నది. మీరు గీడున్నరు." ముక్కు ఎగబీల్చింది. నా చేతిలో సీసా చూసింది. "మండుతున్నదా సార్?"

"అబ్బే, ఏమీ లేదు."

"ఏం లేదా?"

"కొంచెం మొద్దుబారినట్టుంది, అంతే."

ఆ మాట నా నోట్లోంచి వచ్చి నా చెవిలో పడింది. ఏటేటా బల్ల గుద్దిన నా గొంతు నాకే వినిపించింది. అమ్మాయి గరిటె కింద పడేసింది.

"ప్యాంటు ఇప్పుండ్రి సార్."

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు చావు గుర్తు రాలేదు. లోపలున్న చారల డ్రాయరు గుర్తొచ్చింది. మా ఆవిడ చౌకగా దొరికిందని కొన్నది, పచ్చా తెలుపూ చారలు. నేను చర్చిలో పెద్దని. ఎదురుగా శిష్యురాలు. కిటికీ అవతల రోడ్డు మీద వందల మంది తెలంగాణ బిడ్డలు. బెల్టు మీద చెయ్యి పెట్టుకుని, "బాత్రూంలోకి వెళ్లి చూసుకుంటాను" అన్నాను.

"గుండెకు పోతది సార్! వైవాల నన్ను ఇదే అడిగిన్రు. ముందుగాల బట్టలు తీసెయ్యాలని చెప్పనందుకు మార్కులు గోసిన్రు. ఇప్పుడు మీకెంత గొయ్యాలె?"

"ఇప్పుండ్రి సారూ," అన్నాడు హెడ్డు. "నేను అటు మళ్లుత."

విప్పాను. తొడ మీద చర్మం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గోటితో గీరితే తెలియలేదు. అప్పుడు మాత్రం చారల సంగతి మర్చిపోయాను.

మా వరండాలో ఇలాంటి ప్రమాదాల కోసమే ఒక షవరుంది. పచ్చ గొలుసు లాగితే మనిషి నిలువునా తడవాలి. దాన్ని పెట్టిన రోజు పెద్దలొచ్చి కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, మేం చప్పట్లు కొట్టాం. నీళ్ల కనెక్షన్ వచ్చే బడ్జెట్‌లో అన్నారు. హెడ్డు ఆ గొలుసు లాగాడు. ఒక సాలెపురుగు దిగింది, కుటుంబంతో.

"కొన్ని నీళ్లు చల్లితే విషం ఇంకింత పాకుతది," అంది అమ్మాయి. "వరదోలె పొయ్యాలె. వంటకు దెచ్చిన నీళ్ల ట్యాంకర్ కాడికి నడువుండ్రి! హెడ్ సార్, మీరు స్టోర్‌కు పోయి ఫినాల్ తుడిచేటందుకు పాలీ ఇథిలీన్ గ్లైకాల్ తెండ్రి. నాలుగు వందలు అని రాసుంటది. లేబుల్ సదువుండ్రి!"

చెప్పులతో, చారలతో, నేను వంటావార్పు మధ్యకి నడిచాను. ఎవరో పరుగెత్తుకొచ్చి "గ్యాస్ గొట్టిన్రా సార్?" అంటూ నా ముక్కు కింద ఉల్లిగడ్డ ముక్క పెట్టారు. ఇంకొకరు కళ్లకింద టూత్‌పేస్టు పూయబోయారు. అమ్మాయి అందర్నీ తోసేసి, మందపాటి రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, ట్యాంకర్ పైపు నా తొడ మీదికి తిప్పింది.

"చెప్పుల్లేనోళ్లు దూరం జరుగుండ్రి, గీ నీళ్లు తొక్కొద్దు!"

"అక్కా, అవి బియ్యంల పోసే నీళ్లు!" పొయ్యి దగ్గర్నుంచి కేక.

"బియ్యం తర్వాత!"

"ఎవరక్కా గాయన?"

"మా సార్. ఆంధ్ర సార్."

తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను కళ్లు మూసుకున్నాను.

"గట్లయితే ఇంకింత గట్టిగ పొయ్యుండ్రి," అన్నాడు ఎవడో. రోడ్డంతా నవ్వు. నవ్వుతూనే ఇద్దరు నన్ను చెరో భుజం పట్టుకుని నిలబెట్టారు, ఎందుకంటే నేను నిలబడలేకపోతున్నాను. ఆ చేతులు చాలాసేపు వదల్లేదు. పైపూ ఆగలేదు. అన్నం ఆలస్యమైంది. ఆకలి మీదున్న జనం ఆ రోజు ఢిల్లీని తిట్టాల్సిన తిట్లలో కొన్ని నా తొడకు మళ్లించారు. హెడ్డు సీసాతో పరుగున వచ్చాడు. ఈసారి లేబుల్ మొత్తం, తయారైన ఊరుతో సహా, గట్టిగా చదివి వినిపించి మరీ ఇచ్చాడు. అమ్మాయి ఆ జిగురు ద్రవాన్ని దూదితో అద్ది తుడిచింది, దూది మార్చి మళ్లీ తుడిచింది. ప్యాంటును రెండు కవర్లలో మూటగట్టి, ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టించింది.

ఆస్పత్రికి వెళ్లాలంటే నడుముకి ఏదైనా చుట్టుకోవాలి. దొరికింది ఒక బ్యానరే. "నీళ్లు, నిధులు, నియామకాలు" అని రాసి ఉంది. 'నీళ్లు' సరిగ్గా తొడ మీదికొచ్చింది. ఆ బ్యానర్ మహిమేమో, తార్నాక చౌరస్తాలో రాస్తారోకో చేస్తున్నవాళ్లు మా ఆటో చూసి "జై తెలంగాణ" అని దారిచ్చారు. నేను కూడా అన్నాను. ఒకసారే. సరే, రెండుసార్లు. రెండోది గట్టిగా.

ఆస్పత్రిలో ఛాతీకి వైర్లు అంటించారు. గుండె లయ తప్పకూడదు, మూత్రం నల్లపచ్చగా రాకూడదు, రేపటిదాకా ఏమీ చెప్పలేం అన్నారు. హెడ్డు మంచం పక్కనే కూర్చున్నాడు. ఆ మనిషి నాతో తెలంగాణ గురించి మాట్లాడని రోజు అదొక్కటే. నేను బాత్రూంలోంచి వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు.

"ఏం రంగు సారూ?"

"పసుపేనండీ."

"మీరు మారరు సారూ, గా పసుపు జెండ ఇడువరు," అనేవాడు. దుప్పటి మాత్రం తనే కప్పేవాడు. మర్నాడు డాక్టరు వైర్లు పీకేసి, చర్మం మానుతుంది, మచ్చ మిగులుతుంది, మీరు కూడా మిగులుతారు అన్నాడు.

అదే బ్యానర్‌తో ఇంటికొచ్చాను. మా ఆవిడ తలుపు తీసి, కిందినుంచి పైదాకా చూసింది. రాత్రంతా ఏడ్చిన కళ్లు.

"ఏవండీ, తెలంగాణ ఇచ్చేశారా?" అంది.

తర్వాత నిజంగానే ఇచ్చేశారు. ఆ అమ్మాయి ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్. నీళ్లు, నిధులు, నియామకాల్లో మొదటిది ఆ షవరుకు ఇంకా అందలేదు. గొలుసు మాత్రం కొత్తది వేశారు. ఆమె దాని కింద నీలం డ్రమ్ము ఒకటి పెట్టించి, రోజూ నింపిస్తుంది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది: "ముందు బట్టలు. పరువు తర్వాత."

ఏటా కొత్త పిల్లలకు జాగ్రత్తలు చెప్పే రోజున నన్ను పిలుస్తుంది. పేరు చెప్పకుండా, ఒక ప్రొఫెసర్ కథ చెబుతుంది. నేను వెనక బెంచీలో కూర్చుంటాను. ఈ ఏడు ఒక పిల్ల పగలబడి నవ్వింది.

"గంత సదువుకొని, ప్యాంటు ఇప్పనీకి సిగ్గుపడ్డడా మేడం? పాగల్ ఉన్నడా ఏంది?"

"అవునమ్మా, పాగలే," అన్నాను నేను వెనకనుంచి. "ఆ పాగల్ని నేనే. నువ్వు మాత్రం సిగ్గుపడకు."

ఆ గదిలో గోళాలు లేవు, యాసిడ్ లేదు, క్షమాగుణం లేదు. అక్కడ కథ ఒక్క ముక్క మార్చను. ఆ పిల్లల్లో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు బెల్టు మీద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తూ నిలబడతారు మరి.

తార్నాకలో మాత్రం నాలుగో గోళం గురించి ఆలోచిస్తున్నాను.