పిలిచేదాకా ఆగే మనిషి

చిన్నప్పుడు అబ్బిన పాడు అలవాటొకటి నాకుంది. ఎవరైనా పిలిచేదాకా ముందుకు కదలను. అమ్మ వరంగల్‌లో ఒక బట్టల షావుకారు ఇంట్లో అంట్లు తోమేది. బడి లేని రోజు నన్నూ వెంట తీసుకుపోయేది. "వాళ్లు పిలిచినంకనే లోపలికి పోవాలె బిడ్డా. మనంతట మనం పోతే అల్కగ జూస్తరు, ఇలువియ్యరు" అనేది. వాళ్ల అరుగు మీద గంటల తరబడి కూర్చునేదాన్ని. అమ్మ మీద నాకు కోపం లేదు. ఇరవై ఏళ్లుగా టీచరు ఉద్యోగం చేస్తూ కూడా మారనందుకు నా మీదే కోపం.

సింగపూర్‌లో సైన్సు టీచర్ల శిక్షణకు మా జిల్లా నుంచి నన్నొక్కదాన్నే ఎంపిక చేశారు. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది. అయినా ఎవరో ఫోన్ చేసి "పొరపాటైంది మేడం, మీరు కాదు" అంటారనే ఎదురుచూశాను. ఎవరూ చేయలేదు. చివరికి హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో, గేటుకు ఎదురుగా, ఒంటరిగా కూర్చున్నాను.

జనం లేచి వరుస కట్టారు. నా పేరు పిలుస్తారని చూశాను. వరుస సగమైంది, పిలవలేదు. చేతిలోని బోర్డింగ్ పాస్ చెమటకు మెత్తబడింది. వెళ్లి అడిగితే నా ఇంగ్లీషు విని నవ్వుతారేమో. ఏదో కాగితం తక్కువుందని అందరి ముందూ పక్కన నిలబెడతారేమో. చివరి మనిషి కూడా లోపలికి పోయాడు. గేటు దగ్గరి అమ్మాయి దారికి అడ్డంగా పట్టీ లాగుతోంది. ఇప్పుడు లేవకపోతే విమానం వెళ్లిపోతుందని నాకు తెలుసు. కాళ్లు మాత్రం లేవడం లేదు.

అప్పుడు నా మీద నాకే ఒళ్లు మండింది.

"ఆగున్రి! నేనున్న!" అని అరిచాను.

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. "ఇంతసేపూ ఎక్కడున్నారు మేడం?"

"గిక్కడ్నే కూసున్న. మీరు పిలుస్తరని."

"ఇక్కడ పేరు పెట్టి పిలవం మేడం, మీరే రావాలి" అంటూ పాస్ చూసి, పట్టీ తీసి దారిచ్చింది.

పరుగున పోయి విమానం ఎక్కాను. కిటికీ పక్కన, నా సీట్లో, ఒక పెద్దమనిషి కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉన్నాడు. నా పాస్ చూపించాను.

"వెనక నా సీటు ఖాళీగానే ఉందమ్మా, అక్కడ కూర్చోండి. ఏదైనా ఒకటే కదా" అన్నాడు.

సరేనండి అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఒకటి కాదు సార్. ఇది నా సీటు. లేవండి."

ఆయన విసుక్కుంటూ చెప్పులు వెతుక్కున్నాడు. వెనక నుంచి ఎయిర్ హోస్టెస్ దారి ఇమ్మంటోంది. అయినా ఆయన లేచేదాకా నేను పక్కకు జరగలేదు.