బండ వెనక గొంగడి

బార్డర్‌లో ఆర్మీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. మోకాళ్ళ దాకా మంచు. ముఖానికి ముక్కు ఉందో లేదో తెలియలేదు. మొయినాబాద్ దగ్గర చిన్న మంగళారంలో పెరిగి, చలంటే నాకూ తెలుసనుకున్నాను. ఆ గర్వం అక్కడే దిగింది.

కమాండర్ సాబ్ నా చేతికి బైనాక్యులర్ ఇచ్చి ఒకటే పాఠం చెప్పాడు. పూర్తిగా కనబడితే 'క్లియర్' అనాలి. కొంత కనబడి కొంత మరుగున ఉంటే 'పార్ట్‌లీ విజిబుల్' అనాలి.

"ఆ మాట అన్నాక మిగతాది నీ బుర్రలోంచి కలపొద్దు," అన్నాడు హిందీలో.

టెలిఫోన్ తీగలు చూసే లైన్‌మన్‌ది చేవెళ్ళ. నాకంటే సీనియర్. అన్నా అని పిలిచేవాణ్ణి. ఇంటినుంచి తెచ్చిన నల్లగొంగడిని బంకర్‌లో పరుచుకుని పడుకునేవాడు. అందరూ ఎగతాళి చేసేవారు.

"మా బాపు గొర్లకాడ కప్పుకునేది. మీ జాకెట్లు దీని ముంగట బలాదూర్," అనేవాడు.

ఒక ఉదయం తీగ తెగింది. అన్న కుడి వాలు దిగి వెళ్ళాడు. అదే దారిన రావాలి. పది దాటినా రాలేదు. వాకీటాకీ పలకలేదు. చలికి బ్యాటరీ పోయి ఉంటుందన్నాడు రేడియో ఆపరేటర్. పొగమంచు కమ్మింది. బైనాక్యులర్‌తో కుడి వాలే వెతుకుతున్నాను.

అప్పుడు ఎడమ పక్క, మనవాళ్ళెవరూ రాని వైపు, బండ వెనక ఏదో కదిలింది.

"సాబ్, పార్ట్‌లీ విజిబుల్."

"ఎంత?"

"నల్లటి మొన. అంతే."

"ఆయుధం?"

"కనబడటం లేదు."

పక్కనే గన్నర్ సేఫ్టీ తీశాడు. "మనవాడైతే తెల్లకోటు ఉండాలి," అన్నాడు. నిజమే.

మొన కొంచెం వంగింది. వానొస్తే మా వైపు గొర్లకాపరులు గొంగడిని మడిచి తలమీద అలాగే మొన నిలబెడతారు. కొప్పెర అంటారు. యేసయ్యా, కోటు తడిసి ఈయన మంచులో ఆ వేషం వేశాడా?

"సాబ్, అది గొంగడి!"

"చూశావా, ఊహించావా?" అన్నాడు కమాండర్.

అరవకూడదని ఆర్డర్. అరిచాను.

"అన్నా! కొప్పెర తియ్యి! మొకం చూపియ్యి!"

మొన మాయమైంది. గన్నర్ వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. శత్రువునే హెచ్చరించానేమో. చాలాసేపటికి రెండు చేతులు లేచాయి.

"నేనే రా! కాల్చకుండ్రి!"

పొగమంచులో దారి తప్పి అటు తేలాడట. కోటు తడిస్తే, వెంట తీసుకెళ్ళిన గొంగడి కప్పుకున్నాడట. బంకర్‌లోకి రాగానే మీద పడ్డాను.

"ఎందుకు దాక్కున్నవన్నా?"

"దాక్కునుడేంది? మీరు నాకు మంచిగనే కనబడుతున్నరు. తియ్యమంటివి గదా, వంగి తీస్తున్న."

సాబ్ ఇద్దరికీ చీవాట్లు పెట్టాడు. అన్న నవ్వుతూ చాయ్ తాగాడు.

అక్కడ మా డ్యూటీ ముగిశాక ఇద్దరం కలిసే వచ్చాం. అన్న చేవెళ్ళ బస్సెక్కి చెయ్యి ఊపాడు. ఇప్పుడు నేను అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌కు సెక్యూరిటీ చూస్తున్నాను. వచ్చినవాళ్ళు బార్డర్‌లో ఏం చూశావని అడుగుతారు. మంచు కొండలని చెబుతాను. కళ్ళు మూస్తే నాకు ఇప్పటికీ కనబడేది మాత్రం ఆ బండ. మొన దిగిపోయింది, చేతులు ఇంకా లేవలేదు. ఉత్త బండ.