వీర్రాజన్న యూరియా, రత్నక్క తెల్లాకు

2023 వానాకాలం. బాన్సువాడ బస్టాండు దాటాక నా నర్సరీ. నర్సరీ అంటే పచ్చనెట్టు కింద కుండీలు, ఒక నీళ్ల పైపు, ఆ పైపు మీద నా ఏకచ్ఛత్రాధిపత్యం.

కాలువ కింద వరి చేసే వీర్రాజన్న అప్పుడే నా దగ్గర మార్బుల్ క్వీన్ కొన్నాడు. మనీప్లాంటులో రాణిగారి రకం. ఆకు మీద పాలు ఒలికినట్టు తెల్లచారలుంటాయి. దాన్ని మేం వేరిగేషన్ అంటాం. ఆ తెల్లభాగం సొంతంగా తిండి వండుకోలేదు. పక్కనున్న పచ్చభాగం సంపాదన మీద ఇల్లరికపు అల్లుడిలా దర్జాగా బతుకుతుంది.

మొక్క ఆయన భార్య రత్నక్క కోసం. నాట్లప్పుడు గట్టు మీద జారి ఆమె కాలు విరిగింది. రత్నక్క పొలంలో కేకేస్తే పిట్లం చెరువులో కొంగలు లేచిపోయేవి. అంతటి మనిషి పిండికట్టుతో కిటికీ పక్క మంచానికి అతుక్కుపోయింది. ఆ సీజనంతా ఆమెకు మిగిలిన పైరు ఆ కుండీ ఒక్కటే.

కొన్నాళ్లకు ఆమే ఫోన్ చేసింది. "మల్లేశం, తెల్లాకు రావట్లేదయ్యా. పొద్దస్తమానం దాన్నే చూస్తన్నాను, నా దిష్టే తగిలిందేమో. ఒకసారి వచ్చిపో."

వెళ్లి చూస్తే రాణిగారు కిటికీ ఎక్కి, కర్టెను కమ్మీని జయించి, ఫ్యాను మీద కన్నేసి ఉన్నారు. ఏనుగు చెవుల్లాంటి ఆకులు. అన్నీ పచ్చవే.

"అన్నా, ఏం పెట్టినవ్ దీనికి?"

వీర్రాజన్న మీసం దువ్వాడు. "ఆకు పాలిపోతే జింకు లోపమనుకుని జింకు కొట్టాను తమ్ముడూ. వినలేదు. వారానికో చిటికెడు యూరియా వేశాను. చూడు ఎట్టా తేరుకుందో."

"గా తెలుపు రోగం కాదన్నా. దాని అందమే గది."

"తెల్లాకు అందమేంటయ్యా? నా పొలంలో అట్టాంటి ఆకు కనపడితే నాకు అన్నం దిగదు."

ఆయన్ను తప్పుపట్టలేను. బండి మీద పోతూ పోతూ ఎకరం అవతల పాలిపోయిన దుబ్బును పసిగట్టే కళ్లవి. కానీ ఇక్కడ కర్టెను వేసి వెలుగు తగ్గించారు, పైన యూరియా. దాంతో పచ్చకొమ్మ రెచ్చిపోయింది. మొక్క ఇలా తన పాత పచ్చజాతికి తిరిగిపోవడాన్ని రివర్షన్ అంటాం. మందు ఒక్కటే: చార ఉన్న చివరి ఆకు దాకా కోసెయ్యాలి. ఆ ఆకేమో మట్టికి జానెడెత్తున, అడుగున ఒంటరిగా ఉంది.

వీర్రాజన్న కుండీకి అడ్డం నిలబడ్డాడు. "ఊపుమీదున్న పైరును కోసి ఈ బక్కదాన్ని ఉంచుతావా? అదీ చస్తే రత్నం దేన్ని చూస్తది?"

"తెల్లదే వస్తదని నేను గ్యారంటీ ఇయ్యలేనక్కా," అన్నాను.

"విత్తనాల మడిలో కేళీలు ఏరమా?" అంది రత్నక్క మొగుడితో. విత్తనానికి పెంచే వరిలో వేరే రకం మొక్కలు కలిస్తే వాటిని కేళీలంటారు. "అయి మిగతా పైరు కన్నా ఏపుగానే ఉంటాయి. ఏపుగా ఉన్నాయని ఏనాడన్నా వదిలామా? కత్తెర ఇటియ్యి మల్లేశం."

కట్టుకాలు ఈడ్చుకుని లేచి కూర్చుంది. కణుపు చూసుకుని, చార ఉన్న ఆకు పైన టక్కున కోసింది. వీర్రాజన్న సూది మందు తన ఒంట్లోకే దిగినట్టు గోడవైపు తిరిగాడు.

కర్టెను తీయించి, మట్టి మార్చి, యూరియా సంచిని ఇంటి గడప దాటించాం. కుండీలో చీపురుపుల్లలాంటి మోడు, దానికో ఆకు. ఆ తర్వాత వీర్రాజన్న నర్సరీకి వచ్చినప్పుడల్లా మామిడంట్ల సంగతి అడిగేవాడు, కాకరగింజల సంగతి అడిగేవాడు. దాని ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. నాకూ లోపల ఫికరే.

ఒక పొద్దున ఫోన్. "తమ్ముడూ, బీడీలాగా చుట్టుకుని ఒకటి వచ్చింది. రత్నం నన్ను దగ్గరికి రానివ్వట్లేదు."

నేను పోయేసరికి కట్టు విప్పిన కాలుతో, చేతికర్రతో, రత్నక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆకు విచ్చుకుంది, సగం పచ్చ, సగం వెన్న. ఆమె దాన్ని ముట్టుకోలేదు, చూస్తూ ఉంది. వీర్రాజన్న నా చెవి దగ్గర గొణిగాడు: "ఎవరితో అనకు గానీ, నాకింకా జింకు లోపంలాగే ఉంది."

కోసిన పచ్చకొమ్మల్ని ఆయన బోరు దగ్గర నాటుకున్నాడు. అవి మోటారు గదిని మింగేసి కరెంటు స్తంభం మీద దండయాత్రలో ఉన్నాయి.

ఇదివరకు మొక్క ఇచ్చేముందు, ఇంట్లో వెలుగు ఎటునుంచి వస్తుందని అడిగేవాణ్ని. ఇప్పుడు వరి ఎవరు చేస్తారని కూడా అడుగుతున్నాను. పచ్చకొమ్మ కోయడానికి చెయ్యి ఆడని వాళ్లింటికి రత్నక్కను పిలిపిస్తాను. నడిచే వస్తుంది. కత్తెర తనదే తెచ్చుకుంటుంది.