రబ్బరుతో తుడిచిన రాతలు

మా లైబ్రరీ సార్ పోయారు. పర్ణశాల దగ్గరి మా ఊరి నుంచి అన్నయ్య నా సెల్‌కు ఫోన్ చేసి, జ్వరమని భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లేలోపే అయిపోయిందన్నాడు. ఖమ్మంలో బస్సెక్కి నేను చేరేసరికి అంతా ముగిసింది. ఇంటికి పోబుద్ధి కాక లైబ్రరీకి వెళ్లాను.

సార్ కోయవారు. మాది మిర్చి వేయడానికి కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. మావాళ్లు ఆయన్ని 'ఒరేయ్' అనేవారు. ఆయన మాత్రం ఎనిమిదో తరగతి పిల్లనైన నన్ను "రామ్మా, కూసో" అని పిలిచి, చేతులు కడుక్కున్నాకే పుస్తకం ఇచ్చేవారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పుస్తకాల వల్లే. కథ బాగుందని చెబితే ఊరుకునేవారు కాదు. "బాగుంటె సరిపోద్దా? నిజమేనా గది?" అనేవారు. నాకు విసుగొచ్చేది.

అప్పట్లో నేను నెత్తిన పెట్టుకు తిరిగిన నవల ఒకటుంది. అడవికొచ్చిన ఆఫీసరు, గూడెం పిల్ల, వాళ్ల ప్రేమ. అదే ప్రతి ఇంకా బీరువాలో ఉంది. సార్ బల్ల దగ్గరే కూర్చుని మళ్లీ చదివాను.

ఇరవై పేజీలకే ఒళ్లు మండింది. ఆ పిల్ల చెట్టెక్కి ఇప్పపూలు కోస్తుంది. ఇప్పపూలు ఎవరైనా కోస్తారా? తెల్లవారుజామున రాలినవి ఏరుకుంటారు. కొత్త కాపును ముందు వేల్పుకు పెట్టి ఊరంతా 'కొత్త పండుగ' చేసేదాకా ముట్టని మామిడికాయను తీరిగ్గా కొరుక్కు తింటుంది. ఆఫీసరు తిట్టినా కిలకిలా నవ్వుతుంది. రాసినాయన అడవిని బస్సు కిటికీలోంచైనా చూశాడో లేదో. రోజూ చూస్తూ పెరిగిన నాకేం రోగం? ఎలా నమ్మాను?

అప్పుడు గుర్తొచ్చింది. ఈ పుస్తకం అంచుల నిండా పెన్సిలు రాతలుండేవి. చదువుతుంటే అడ్డం వస్తున్నాయని, ఏం రాశారో కూడా చూడకుండా రబ్బరుతో తుడిచి, గొప్పగా సార్‌కు చూపించాను.

"ఎవరో పాడు చేశారు సార్. మొత్తం తుడిచేశాను."

ఆయన పేజీలన్నీ తిప్పి చూశారు. "మంచిగ తుడిచినవమ్మా" అన్నారు. కార్డుకు ఒకటే అన్న రూలు పక్కనబెట్టి ఆ రోజు రెండు పుస్తకాలిచ్చారు. ఎగురుకుంటూ ఇంటికి పోయాను.

'ఆ రాతలు నావి' అని ఒక్క మాట చెబితే ఏం పోయేది సార్? ఆయన మీద కూడా కోపమొచ్చింది. కానీ చెప్పి ఉంటే, నవలను తప్పుపట్టడానికి వాడెవడని మా నాన్నే గొడవకు వెళ్లేవాడు. అది ఆయనకు తెలుసు. అయినా నిజమేనా అని అడుగుతూనే వచ్చారు. వినిపించుకోనిది నేను.

సార్ పెన్సిలు నొక్కిపెట్టి రాసేవారు. కాగితం మీద గాడి పడేది. పేజీలను ఒక్కొక్కటిగా కిటికీ వెలుగుకు వాల్చి చూశాను. చాలాచోట్ల నా రబ్బరు గాడిని కూడా అరగదీసింది. ఆ పిల్ల తిట్లు తిని నవ్వే చోట మాత్రం రెండు ముక్కలు మిగిలాయి.

"మా అమ్మను గిట్లనే తిట్టిండ్రు. అమ్మ నవ్వలే."