హస్తవాసి

పదేళ్ళు దాటింది, ఈ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మోసీ మోసీ అలవాటైపోయి ఒక్కోసారి అది ఉన్న సంగతే మర్చిపోతాను. అప్పుడు ఎవరో ఒకరు "నీ హస్తవాసి మంచిదమ్మా" అంటారు. అంతే, మళ్ళీ అడ్డం పడుతుంది. ప్రార్థనలో దేవుడికి చెప్పుకున్నాను. ఆయనకు ముందే తెలుసు కాబట్టి ఆయనకు చెప్పడం తేలిక. తెలియని మనిషికి చెప్పడమే కష్టం. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

నేను నర్సుని. మా నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద రాయ్‌పూర్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను, శంకర్ నగర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఇరవై ఏళ్ళకు పైగా సూదులు వేశాను. ఏడ్చే పిల్లలు నా చేతికొస్తే ఏడుపు ఆపేవాళ్ళని పేరు. ఆ పేరంటే నాకు చాలా గర్వం ఉండేది.

రత్నం నా చిన్ననాటి స్నేహితురాలు. పక్క క్వార్టరు, ఒకే బడి, ఒకే చర్చి. నాకన్నా పది నెలలు పెద్దది. ఇద్దరం లావుగా ఉండేవాళ్ళం. కాలనీ పిల్లలు మేము కనిపిస్తే చాలు, "మోటీ నంబర్ ఏక్, మోటీ నంబర్ దో" అని పాట అందుకునేవాళ్ళు. రత్నం ఏక్. నేను దో. ఇద్దరం కలిసే ఏడ్చేవాళ్ళం. కానీ ఏడుస్తూ కూడా నేను లోపల ఒక లెక్క వేసుకునేదాన్ని, నేను దో కదా అని. లోకంలో నేను ఎవరి పక్కన నిలబడితే సన్నంగా కనపడతానో ఆ మనిషి రత్నం ఒక్కతే. పెళ్ళిళ్ళలో ఫోటో తీస్తుంటే వెతుక్కుంటూ వెళ్ళి దాని పక్కనే నిలబడేదాన్ని. అది స్నేహం అనుకుంది. నేనూ స్నేహమే అనుకున్నాను. అందులో ఎంత స్నేహమో ఎంత వాడకమో ఇప్పటికీ నాకు తెలియదు.

రత్నం ఒక ప్రైవేటు బడిలో టీచరు. దాని క్లాసు మూడో అంతస్తులో. నలభై దాటాక మోకాళ్ళు పట్టేశాయి. మెట్టుకొకసారి ఆగి ఎక్కుతుంటే హెడ్ మేడమ్ చూసి, "ఇలా అయితే కష్టం కదా" అందట. ఆ ఉద్యోగమే దాని ప్రాణం. ఇంట్లో దాన్ని ఎవరూ లెక్కచేయరు, క్లాసులో మాత్రం నలభై మంది లేచి నిలబడతారు. డాక్టరు చూసి, మోకాళ్ళు నిలవాలంటే ఒళ్ళు తగ్గాలి, నడక ఒక్కటే చాలదు అని ఒక ఇంజెక్షన్ రాశాడు. పెన్నులా ఉంటుంది, రోజూ పొట్ట మీద వేసుకోవాలి. ఆ రోజుల్లో మాలాంటి వాళ్ళలో దాని పేరు విన్నవాళ్ళే లేరు.

రత్నానికి సూదిని చూస్తే కళ్ళు తిరుగుతాయి. పైగా అత్తగారింట్లో తెలిస్తే "సన్నబడ్డానికి కూడా సూదా!" అని ఊరంతా చాటుతారు. అందుకని పెన్నుల డబ్బాలు తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టింది. పొద్దున్నే బడికి వెళ్తూ మా ఇంటి ముందు ఆటో ఆపించి లోపలికి వచ్చేది. కళ్ళు మూసుకుని పమిట తప్పించేది. రెండు నిమిషాల పని.

"అయిపోయిందా? తెలియనే లేదే. నీ హస్తవాసి మంచిదే" అనేది రోజూ.

మొదటి మూడు నెలల్లో ఒళ్ళు దిగడం మొదలైంది. ముందు మొహం, తర్వాత మెడ. గుప్పెడు అన్నానికే చాలనేది. చర్చిలో ఆడవాళ్ళు చుట్టూ మూగి ఏం చేస్తున్నావని అడిగితే, "ఏం లేదు, రాత్రిళ్ళు రొట్టె తింటున్నా" అని నవ్వి నా వైపు చూసి కన్ను కొట్టేది. మా ఇద్దరి రహస్యం. నేనూ నవ్వేదాన్ని. కడుపులో మాత్రం మంట.

ఒక విషయం దాచకూడదు. దానికి తెలియకుండా నేనూ అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకూ రాయమన్నాను. ఇంట్లో ఎవరికేం జబ్బులున్నాయని అడిగాడు. మా అమ్మ థైరాయిడ్ కాన్సర్‌తో పోయింది. అది ఏ రకమో పాత కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "సిస్టర్, ఇంట్లో ఈ రకం కాన్సర్ ఉన్నవాళ్ళకు ఈ మందు వద్దు." నర్సుని కదా, ఆయన చెప్పింది న్యాయమేనని తెలుసు. అమ్మ పోయినప్పుడు ఏడ్చినంత ఏడ్చాను ఆ రోజు. సిగ్గుగా ఉంది చెప్పడానికి, అమ్మ మీద కోపం కూడా వచ్చింది.

తర్వాతి వారం రత్నం నన్ను పండరీ బజారుకు తీసుకెళ్ళింది. చుడీదారు కొనుక్కుంటుందట, పదిహేనేళ్ళ తర్వాత. కొట్టాయన మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసి లోపలికి కేకేశాడు. "బడీ దీదీకే లియే బడా సైజ్ నికాలో." ఆయన చెయ్యి నా వైపు ఉంది. బడీ దీదీ, అంటే పెద్దక్క, నేను! రత్నం పకపకా నవ్వింది. దాని నవ్వులో విషం లేదు, నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి తెలిసిన నవ్వే. "భయ్యా, ఈమె నాకన్నా ఛోటీ" అని చెప్పి నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. ఆ చెయ్యి తేలిగ్గా ఉంది. నాకు ఆ క్షణంలో దాని మీద పుట్టిన ద్వేషం ఇంకెవరి మీదా పుట్టలేదు.

ఇంటికొచ్చి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచాను. పాత పెన్ను ఆ పొద్దున్నే అయిపోయింది, తలుపు అరలో రెండు కొత్త డబ్బాలు. తీసి పైన ఫ్రీజర్‌లో, చేపల పొట్లం పక్కన పెట్టాను.

ఏం చేస్తున్నానో తెలియదని చెప్పను. ఇలాంటి మందు ఒకసారి గడ్డకట్టిందంటే పారేయాల్సిందేనని ట్రైనింగులో మొదటి ఏడాదే నేర్పారు. కరిగాక చూడ్డానికి తేడా ఉండకపోవచ్చు, పని మాత్రం నమ్మడానికి లేదు. మర్నాడు చీకటితోనే కిందికి దించి, అది వచ్చేలోగా కరగనిచ్చాను. గాజు పగిలి ఉంటుందేమోనని భయపడ్డాను. పగల్లేదు. పగిలి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. వెలుతురుకు ఎత్తి చూశాను, నీళ్ళలా తేటగా ఉంది. ఆటో చప్పుడైంది. రత్నం వచ్చి కళ్ళు మూసుకుంది. వేశాను.

"తెలియనే లేదే" అంది.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది నేను ఒక నమ్మే మనిషి పొట్ట మీద రోజూ చేశాను. మొదటిసారి కోపంలో చేశానని సరిపెట్టుకుందాం. మరి రెండోసారి? కొత్త డబ్బాలు తెచ్చిన ప్రతిసారీ, మూడు విడతలు, పనిగట్టుకుని చేశాను. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకున్నాను. అది ఇంకా కొంచెం లావైతే ఆపేద్దామనుకున్నాను. ఎంత లావైతే? నాకన్నా ఒక్క పిసరు ఎక్కువైతే చాలు. అంతే అడిగాను. ఎంత చిన్న కోరికో చూడండి!

దానికి ఆకలి తిరిగొచ్చింది. అన్నం ముందు కూర్చుంటే లేవలేకపోతున్నానని చెప్పేది. కాటా ముల్లు ఆగింది, తర్వాత వెనక్కి నడిచింది. డాక్టరు విసుక్కున్నాడట, మందు వాడుతూ కూడా పెరుగుతున్నారంటే చాటుగా ఏదో తింటున్నారని. ఒక పొద్దున సూది అయ్యాక లేవకుండా మా మంచం మీద అలాగే కూర్చుంది.

"ఒక్కటి అడుగుతా, సచ్చీ బోల్, నిజం చెప్పు. నేను దొంగతిండి తింటన్నానని నువ్వు కూడా అనుకుంటన్నావా?"

ఆ ఒక్క నిమిషం దేవుడు నా కోసం తలుపు తీసి పట్టుకున్నాడు. లేదే, తప్పు నీది కాదే, మందుది అంటే చాలు. మొత్తం చెప్పక్కర్లేదు, మందు పాడైనట్టుంది, కొత్తది తెచ్చుకో అంటే చాలు. ఫ్రిజ్ మీదో కరెంటు కోతల మీదో నెట్టేసినా నమ్మేది. నేనేమన్నానో తెలుసా?

"కొంచెం నోరు కట్టుకోవాలి కదే."

అది తలూపింది. "నిజమేలే. నాకే బుద్ధి లేదు. పాపిష్టి నోరు." పమిట సర్దుకుని వెళ్ళిపోయింది. ఫ్రీజర్ సంగతి దేవుడు క్షమిస్తాడేమో. ఈ మాటకు క్షమాపణ ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. ఎందుకంటే ఆ రోజు నుంచి తన ఒళ్ళు తనే పాడుచేసుకున్నానని అది నమ్మింది. ఇప్పటికీ నమ్ముతోంది. నలుగురిలో కూర్చుంటే స్వీటు ముట్టదు. ముట్టకుండా, "నా నోరు మంచిది కాదులెండి" అని తనే నవ్విస్తుంది.

ఆ నెలలోనే సూది మానేసింది. పోయిన బరువంతా వచ్చింది, ఇంకొంత తోడు తెచ్చుకుంది. మరుసటి ఏడాది బడి తెరిచినప్పుడు మూడో అంతస్తు ఎక్కలేకపోయింది. వారం రోజులు చూసి రాజీనామా ఇచ్చింది. ఆ కాగితం రాసేటప్పుడు పక్కన నేనే ఉన్నాను. ఒక స్పెల్లింగు కూడా దిద్దాను. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, దిద్దాను.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన ఆదివారం రత్నం కూతురు షారోన్ మా ఇంటికొచ్చింది. నయా రాయ్‌పూర్‌లో ఆఫీసు, రోజూ మందిర్ హసౌద్ మీదుగా బస్సులో పోయి వస్తుంది. ఒళ్ళు తల్లిదే. బ్యాగులోంచి ఒక డబ్బా తీసి టేబుల్ మీద పెట్టింది. ఇప్పుడు వారానికొకటి వేసుకునేవి వచ్చాయి కదా, అది.

"మమ్మీ మీ దగ్గరికే పొమ్మంది ఆంటీ. తనకు పనిచేయకపోడం తన తప్పేనంట, మీ హస్తవాసి మాత్రం ఏక్‌దమ్ మంచిదంట. మీ ఫ్రిజ్‌లోనే పెట్టమంది."

డబ్బా తీసి ఆ పిల్ల చేతిలోనే పెట్టాను. పక్కన కూర్చోబెట్టుకుని, పొట్ట మీద ఎక్కడ, ఎంతసేపు, ఎలా అన్నీ చూపించి తనతోనే వేయించాను. ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో రెండుసార్లు చెప్పాను. మీ ఇంట్లోనే పెట్టుకో, మా ఫ్రిజ్ సరిగ్గా లేదన్నాను.

మర్నాడు రత్నం ఫోను. "ఫ్రిజ్ ఖరాబైందంట కదే, చెప్పవేం? మాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, పంపిస్తా ఉండు." నేను వద్దంటున్నా వినకుండా పంపింది. అతను అరగంట చూసి, ఫ్రీజర్ తలుపు రెండుసార్లు తెరిచి మూసి, "ఇస్‌మే కోయీ ఖరాబీ నహీ హై, దీదీ" అని, ఇందులో ఏ లోపమూ లేదని తేల్చి వెళ్ళిపోయాడు.

ఆ డబ్బా తిరిగి ఇచ్చేసింది పశ్చాత్తాపంతోనని మీరు అనుకుంటారేమో. అలా అనుకోనిస్తే ఇంత చెప్పీ అబద్ధం చెప్పినట్టే. ఆ పిల్ల తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి చూశాను. ఆర్నెల్లలో ఇది సన్నబడుతుంది కదా, తల్లి పక్కన నిలబడి మురిసిపోతుంది కదా అనిపించింది. అంతే, కడుపులో అదే చోట, అదే మంట. పదేళ్ళలో ఒక్క పిసరు తగ్గలేదు. డబ్బా ఇచ్చేసింది అందుకు. నా చేతిని నేను నమ్మలేక.

రత్నానికి చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. చర్చి ఫోటోల్లో నేనింకా దాని పక్కనే నిలబడుతున్నాను. మళ్ళీ నేనే నంబర్ దో. మీకు చెప్పాక గొంతు కొంచెం వదులైనట్టుంది. అంతకు మించి నాకేమీ రాకూడదు.