ఎనిమిదికి తెరుచుకున్న తాళం

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం లేదు, వాటి కబుర్లు వినే ఓపిక అంతకన్నా లేదు. మా బిషాన్ ఫ్లాట్ల బ్లాకులో చైనీస్ వాళ్ల ఏడో నెల, అంటే పోయినవాళ్లు తిరిగొస్తారనే నెల, రాగానే కింద కాగితాలు తగలబెడతారు, నారింజ పళ్లు పెడతారు, పాటల కచేరీలో ముందు వరస కుర్చీలు పోయినవాళ్ల కోసం ఖాళీగా వదిలేస్తారు. నేను ఆ బూడిద తొక్కకుండా పక్కనుంచి నడుస్తాను. మర్యాద కోసం, భయపడి కాదు.

నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. పాయా లేబర్‌లో ఒక చిన్న కంపెనీకి అకౌంట్లు చూస్తాను. నాకు ప్రతిదానికీ కారణం కావాలి. కారణం చెప్పకపోతే వాదిస్తాను. చెప్పినా వాదిస్తావని మా ఆయన అంటాడు. ఆయన మాట పక్కన పెట్టండి.

ఎస్కేప్ రూమ్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. డబ్బు కట్టి మరీ గదిలో బందీ అవుతాం. లోపల ఏదో ఒక కథ ఉంటుంది, జైలనీ, జలాంతర్గామి అనీ. వస్తువులు వెతికి, చిక్కుముడులు విప్పి, ఒక్కో తాళం తీసుకుంటూ గంటలోగా బయటపడాలి. తోచకపోతే వాకీటాకీలో సాయం అడగొచ్చు. నేను అడగను.

మాది ముగ్గురి జట్టు. నేను, మా అమ్మాయి మేఘన, శైలజ. శైలజది అనంతపురం, రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం, నాకన్నా ఐదారేళ్లు చిన్నది. ఈ ఊళ్లో మేము ఆడని గదులు తక్కువే. ఒక ఆస్పత్రి గదిలో తెల్లబట్టల దయ్యం గోడ చాటు నుంచి మీద పడితే, "మెడ దాకా పౌడర్ రాసుకోలేదమ్మా" అని చెప్పి పంపించాను. పాపం ఆ పిల్ల అద్దం చూసుకోవడానికి వెళ్లినట్టుంది, మళ్లీ రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆటలో మోసపోయే మనిషిని కాదు నేను.

ఆ శనివారం మధ్యాహ్నం మేం ఆటకి వెళ్లేసరికి ఇంట్లో యుద్ధం నడుస్తోంది. మేఘన ఓ లెవెల్స్, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షల, ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులే. జూనియర్ కాలేజీలో చేరితే రెండేళ్ల తర్వాత యూనివర్సిటీ, తిన్నని దారి. అది పాలిటెక్నిక్‌కి వెళ్లి గేమ్ డిజైన్ చదువుతానని కూర్చుంది. సోమవారం లోపు ఆన్‌లైన్‌లో ఎంచుకోవాలి. నేను కాదంటే అది ఎంచుకోదు, మొండిదే కానీ నన్ను దాటి పోదు. అదే నాకు మరీ కోపం.

పాయా లేబర్ స్టేషన్‌కి కాస్త దూరంలో, ఒక పాత ఇండస్ట్రియల్ బిల్డింగ్ ఐదో అంతస్తులో ఉంది ఆ గది. లిఫ్టులో కూడా గొడవే.

"ఎవ్రీథింగ్ యూ మస్ట్ విన్, అమ్మా," అంది మేఘన. "ఎప్పుడైనా ఐయామ్ రాంగ్ అన్నావా?"

"తప్పయితే కదే అనడానికి!"

"సీ?"

నాకు ఒళ్లు మండింది. "సరే. ఇవాళ ఒక్క తాళం దగ్గర నేను తప్పు, నువ్వు ఒప్పు అని తేలనీ. నీ పాలిటెక్నిక్కే పెట్టుకో, నేను నోరెత్తను."

"నోరెత్తవా ఉమక్కా?" శైలజ పగలబడి నవ్వింది. "మేఘూ, ఆ మాట ఫోన్లో రికార్డు చేసుకోమ్మా, మళ్ళా దొరకదు."

ఆ గది కథ ఇది. పాత కాలపు ఫోటో స్టూడియో. యజమాని కనిపించకుండా పోయాడు, అతని పెట్టెలో బయటి తలుపు తాళంచెవి ఉంది. ఆ గదిని తయారుచేసిన కుర్రాడే నడుపుతున్నాడు, డెస్మండ్ అని పెట్టుకుందాం. లోపల నల్లగుడ్డ కప్పిన కెమెరా, గోడకి రంగు తెర, ఎర్ర బల్బు. శ్రద్ధగా కట్టాడు. నేను ఊరికే మెచ్చుకోను.

మొదటి తాళాలు మేఘనే తీసింది. నేను వంక పెట్టడానికి చూశాను, దొరకలేదు. చివరికి పెట్టె మిగిలింది. దానికి నాలుగంకెల తాళం, చక్రాలు తిప్పే రకం. పెట్టె మీద గోడకి నాలుగు పాత ఫోటోలు, వరసగా. నాలుగింట్లోనూ చేతుల మీద పడేలా చిన్న దీపం వెలుగు.

మొదటి దాంట్లో ఒక పెద్దాయన చేతికర్ర మీద రెండు వేళ్లు చాపాడు. రెండో దాంట్లో ఒక చైనీస్ అవ్వ అరచెయ్యి మొత్తం తెరిచింది. మూడో దాంట్లో ఒక పిల్లాడు ఒక వేలు చూపిస్తున్నాడు. రెండు, ఐదు, ఒకటి. ఇక్కడిదాకా పేచీ లేదు.

నాలుగోది ఒకావిడ. చీర, రెండు వైపులా ముక్కుపుడకలు, నలభై దాటిన మొహం. ఎక్కడి మనిషో చెప్పను, తెలియనిది తెలుసనను. కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా ఉంది. బొటనవేలు మధ్యవేలి నడిమి కణుపు మీద ఆనింది. మిగతా మూడు వేళ్లు చాచి ఉన్నాయి.

"త్రీ," అంది మేఘన. "టూ ఫైవ్ వన్ త్రీ."

"మూడేంటే? ఆవిడ లెక్కపెడుతోంది. చూడు, బొటనవేలు కణుపు మీద ఉంది. చిటికెన వేలికి మూడు, ఉంగరపు వేలికి మూడు, మధ్యవేలిలో రెండోది. ఎనిమిది."

మా ఇళ్లలో అందరం అలాగే ఎంచుతాం. బియ్యం కొలిచినా, కుక్కర్ కూతలు లెక్కపెట్టినా, వేళ్లు చాపం, కణుపులు తడుముకుంటాం. మేఘన ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో వేళ్లు చాపి నేర్చుకుంది.

"మా పక్కల్లా వేలి కొసని గూడా కలుపుకుంటారు గదక్కా, వేలికి నాలుగు," అంది శైలజ.

"అప్పుడు పది వస్తుంది. పది ఒక్క చక్రంలో పడుతుందా?"

"పడదు."

"మరి మాట్లాడకు."

మేఘన నా వైపు చూడకుండా 2-5-1-3 పెట్టింది. లాగింది. రాలేదు. అంకెలు సరిగ్గా గీత మీదికి జరిపి మళ్లీ లాగింది. శైలజ కూడా బలం కొద్దీ లాగింది. రాలేదు. నేను జరిగి కూర్చుని చివరి చక్రాన్ని ఎనిమిదికి తిప్పాను. లాగానో లేదో, తాళం చేతిలోకి వచ్చేసింది.

శైలజ కేక పెట్టి, తెరిచిన తాళాన్ని అప్పటికప్పుడు ఫోటో తీసింది. మేఘన మొహం చూశాను. ఏడవలేదు. "ఓకే," అని పెట్టెలోంచి తాళంచెవి తీసి తలుపు దగ్గరికి నడిచింది. నేను గెలిచాను. అంత చప్పగా ఎప్పుడూ గెలవలేదు.

ఆట అయ్యాక డెస్మండ్ వచ్చి మమ్మల్ని మళ్లీ లోపలికి తీసుకెళ్లాడు, లైట్లన్నీ వేసి ఏది ఎలా విప్పాలో వివరించడానికి. పెట్టె మీద తాళం చూసి ఆగిపోయాడు.

"ఆంటీ, వై టూ ఫైవ్ వన్ ఎయిట్?"

"అదే కదా నంబరు."

"కెనాట్ బీ లా ఆంటీ. త్రీ."

తాళం నొక్కి వేసి 2-5-1-8 పెట్టి లాగాడు. రాలేదు. నేను లాక్కుని లాగాను. రాలేదు. అతను 2-5-1-3 పెట్టాడు. తెరుచుకుంది. మళ్లీ వేశాడు. మేఘన చేతికిచ్చాడు. మూడుకి తెరుచుకుంది. ఎనిమిదికి లేదు.

చాచిన వేళ్లే లెక్క అని చెప్పాడు. కణుపుల లెక్క అతనెప్పుడూ వినలేదు. నేను చేతి మీద చూపిస్తే నోరు తెరుచుకుని చూసి, ఆ ఫోటో వైపు చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

కౌంటర్ దగ్గర కెమెరా రికార్డింగ్ వేయించాను. వేయించక ఊరుకుంటానా? మేఘన రెండుసార్లు లాగడం, శైలజ గుంజడం, తర్వాత నా చెయ్యి, తాళం ఊడిరావడం. అన్నీ ఉన్నాయి. అంకెలు మాత్రం అంత దూరం నుంచి కనిపించవు.

ఇక కారణాలు. ఇవన్నీ నాకు నేనే వేసుకున్న ప్రశ్నలు.

తాళం అరిగిపోయి ఉండొచ్చు. అరిగిన తాళాలు పక్క అంకెకి తెరుచుకుంటాయి, నిజమే. కానీ మూడుకి ఎనిమిది పక్కది కాదు. పదంకెల చక్రంలో సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఎటు తిప్పినా ఐదు మెట్లు.

ఎవరో నంబరు మార్చి, మళ్లీ మార్చి ఉండొచ్చు. మార్చాలంటే తాళం తెరిచి ఉండాలి, సన్నని పిన్ను కావాలి. పిన్ను కౌంటర్ సొరుగులో ఉంది. మేం తలుపు తీసుకుని బయటికొచ్చాక అతను వచ్చేదాకా ఆ గదిలో ఎవరూ లేరు, అదీ కెమెరాలో ఉంది.

మా ఆయన ఇంటికి రాగానే తేల్చేశాడు. "మసక వెలుతుర్లో మూడుని ఎనిమిది అనుకున్నావు. కళ్లజోడు మార్చు." అయితే మరి శైలజ ఫోటోలో ఎనిమిది ఎందుకుంది? పెద్దది చేసి చూపించాను. ఆయన తన కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం మాటకి వస్తాను. అక్కణ్నుంచి తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్లాం. శైలజ ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పడేసి టేబుల్ పట్టింది, టీలు తెచ్చింది. నేను తగాదాకి సిద్ధంగా ఉన్నాను. తాళం తెరిచింది నా నంబరు. ఒప్పు అని తేలింది దాని నంబరు. పందెం ఎవరిది? నా వైపు మూడు వాదనలు కూర్చుకున్నాను.

"నన్ను సాక్ష్యానికి పిలవద్దండి ఇద్దరూ," అని శైలజ ముందే చేతులెత్తేసింది. "నేను కళ్లారా చూసినాను, నాకే నమ్మకం లేదు."

"తాళం నాకు తెరుచుకుంది," అన్నాను.

"యా, నువ్వే గెలిచావు," అంది మేఘన. నా వాదనలు మూడూ నోట్లోనే ఉండిపోయాయి. అది టిష్యూ కాగితం మీద ఒక చెయ్యి బొమ్మ గీసుకుంటోంది, మూడు గీతలు ఒక్కో వేలికి. "బట్ హౌ, అమ్మా? అండ్ ఫోటోలో ఆ ఆంటీ... ఏం లెక్కపెడుతోంది?"

మా ఇంట్లో నా దగ్గర సమాధానం లేని ప్రశ్న అదే మొదటిది. మేఘన ఎదురుచూస్తోంది. ఓడిపోయిన పిల్లలా లేదు. పాలిటెక్నిక్ పోయిందన్న బాధ ఆ మొహంలో ఎక్కడ వెతికినా దొరకలేదు, ఆ చెయ్యి ఒక్కటే ఉంది.

టీ చల్లారిపోయింది. "పెట్టుకో," అన్నాను.

"ఏంటి?"

"నీ పాలిటెక్నిక్. ఫస్ట్ చాయిస్ అదే పెట్టుకో."

"బట్ యూ వన్."

"అయితే? గెలిచినదాన్ని నేను, నా ఇష్టం. ఇంకోసారి అడిగితే మనసు మార్చుకుంటాను."

శైలజ టీ గ్లాసు ఎత్తి మొహం దాచుకుని నవ్వుకుంది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

తర్వాత వారం ఒక్కదాన్నే వెళ్లి ఆ ఫోటో దగ్గరగా చూశాను. డెస్మండ్‌కి అది పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర, ఒక డబ్బాడు ఫోటోల్లో దొరికిందట. వెనక ఏమీ రాసి లేదు. ఆట రోజు చూడని సంగతి ఒకటి చూశాను. ఆవిడ పెదాలు కొంచెం విడి ఉన్నాయి. లెక్క మధ్యలో ఎవరో కదలొద్దని చెబితే, మరిచిపోకుండా ఆ అంకెని నోట్లోనే పట్టుకున్నట్టు. ఇది నా ఊహ, సాక్ష్యం కాదు. సాక్ష్యాలన్నీ పైన చెప్పాను.

డెస్మండ్ తాళం మార్చేశాడు. పాతది నాకిచ్చాడు, తన దగ్గర ఉంచుకోవడం ఇష్టం లేనట్టుంది. దాన్ని ఒక తాళాలు బాగుచేసేవాడికి చూపించాను. మంచి తాళమే, ఏ లోపమూ లేదు, ఒకే నంబరుకి తెరుచుకుంటుంది అన్నాడు. ఎదుటివాడు ఏం చెప్పినా ఎదురు చెప్పే నేను, ఆ రోజు తాళం సంచిలో వేసుకుని తిరిగొచ్చాను. దయ్యం అనను. మరేమిటంటే చెప్పలేను.

తాళం మా ఫ్రిజ్ మీద ఉంటుంది. మేఘన క్లాసుకి వెళ్లాక, వంటిల్లు తుడిచేటప్పుడు, ఒక్కోసారి 2-5-1-8 పెట్టి లాగి చూస్తాను. ఇదీ మొదటిసారి చెబుతున్నాను, ఇంట్లో ఎవరికీ తెలియదు.

నిన్న ఫ్రిజ్ మీద తాళం లేదు. మేఘన గది తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపలి నుంచి చక్రం తిరుగుతున్న చప్పుడు. టిక్కు, టిక్కు. తర్వాత లాగిన చప్పుడు. మళ్లీ టిక్కు.

కాసేపు విని, హాల్లోంచే అడిగాను.

"తెరుచుకుందా?"

లోపల చప్పుడు ఆగింది.

"నాట్ యెట్," అంది.