మాధవీలత పెట్టిన సభ

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కనున్న చిన్న గ్రంథాలయంలో బల్లలన్నీ లైబ్రేరియన్ మాధవీలతే తుడుచుకుంటుంది. కోపమొస్తే మాట్లాడదు, ఇంకాస్త గట్టిగా తుడుస్తుంది. ట్రాన్స్‌జెండర్లనూ స్వలింగ ప్రేమికులనూ అందరితోపాటే పిలిచి ఆదివారం కథల సభ పెడతానంది. “ఆళ్ళను ఎనక రూముల కూసోబెట్టు బిడ్డా” అన్నాడు, రోజూ పేపరు కోసం వచ్చే నరసింహ పటేల్. ఆమె బల్ల తుడిచింది. కిందటి నెల ఇషిత అనే ట్రాన్స్‌జెండర్ అమ్మాయి హాల్లో చెరోవైపు కుర్చీల పైన గోడకున్న ‘స్త్రీలు’, ‘పురుషులు’ బోర్డుల మధ్య కాసేపు నిలబడి, పుస్తకం ముట్టకుండానే వెళ్ళిపోవడం ఇంకా మాధవీలత కళ్ళలోనే ఉంది. ఆదివారం పొద్దున్నే స్టూలెక్కి ఆ బోర్డులు రెండూ ఊడదీసింది. ఇషిత వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. హాలు నిండాక వచ్చిన పటేల్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“మరి నేనేడ కూసోవాలె బిడ్డా?”

“ఏడ ఖాళీ ఉంటే ఆడ కూసోండ్రి పటేలా” అంది మాధవీలత.

ఖాళీ ఉన్నది ఇషిత పక్కనే.